తప్పెటగుళ్ల బృందానికి సర్కారు సొమ్ము: ముందు రశీదు పుస్తకం కొనండి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మెడలో రేకు తప్పెట వేసుకుని గంగమ్మ పాటలు పాడుతూ ఆడే తప్పెటగుళ్ల బృందాలు ఏటా ఎన్ని సంబరాలు ఆడినా, ఆడినట్టు చూపించడానికి కాగితం ఒక్కటీ ఉండదు. తాంబూలం పుచ్చుకుని ఒప్పుకుంటారు. రాత్రంతా ఆడతారు. తెల్లారాక నోట్లు లెక్కపెట్టుకుని ఆటో ఎక్కుతారు. ఆడారని గంగమ్మకు తెలుసు, ఊరికి తెలుసు. ఢిల్లీలో ఫైలు తిరగేసే మనిషికి మాత్రం తెలియదు. గ్రాంటు కావాలని వచ్చేవాళ్లు 'ఏ పథకానికి పెట్టమంటారు?' అని మొదలుపెడతారు. పథకాలకేం, చాలానే ఉన్నాయి. పోయిన మూడేళ్లలో మీరు ఆడిన ఆటకు రుజువు ఉందా అన్నదే అసలు సంగతి.

అందుకే మొదటి ఖర్చు ఒక రశీదు పుస్తకం. కార్బన్ కాపీ వచ్చేది, వంద కాగితాలది, పైన బృందం పేరూ ఊరూ అచ్చు వేయించినది. ప్రతి సంబరానికీ అందులో తేదీ, ఊరు, మండలం, ఏ పండగ, ఎంతమంది ఆడారు, ఎంత ముట్టింది అని రాసి, పండగ కమిటీ పెద్దచేత సంతకం పెట్టించుకోవాలి. మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. వీలైన చోట పంచాయతీ కార్యదర్శి దగ్గర 'ఫలానా తేదీన మా ఊళ్లో ప్రదర్శన ఇచ్చారు' అని నాలుగు వాక్యాల ఉత్తరం తీసుకోండి. ఆడిన మర్నాడు అడిగితే ఐదు నిమిషాల పని. రెండేళ్ల తర్వాత అడిగితే ఆ కార్యదర్శి బదిలీ అయిపోయి ఉంటాడు.

పేపరులో వార్త వస్తే కత్తిరించి దాచుకుంటారు, మంచిదే. కానీ ఫొటో ఉన్న ముక్క మాత్రమే కత్తిరిస్తారు, పత్రిక పేరూ తేదీ ఉన్న పైభాగం పకోడీల పొట్లానికి పోతుంది. తేదీ లేని క్లిప్పింగు ఫైల్లో ఉన్నా లేనట్టే. పేజీ మొత్తం ఉంచండి.

వీడియో దగ్గర జరిగే పొరపాటు వేరు. సంబరం రాత్రి తీసిన వీడియోలో జనరేటరు మోత, పక్క వీధి డీజే, ముందు నిలబడ్డవాళ్ల తలకాయలు తప్ప ఏమీ ఉండవు. గ్రాంటు కోసం విడిగా, పొద్దున్న ఏడు గంటల ఎండలో, ఊరి బయట చదునైన చోట ఒకసారి తీయండి. ఫోను అడ్డంగా పట్టాలి. రేకు తప్పెటల మోతకు దగ్గర్లో ఉన్న ఫోను మైకు తట్టుకోలేదు, ధ్వని చిట్లిపోతుంది. పది పన్నెండు అడుగుల దూరంలో స్టాండు మీద పెడితే తప్పెట, పాట, గజ్జె మూడూ వేర్వేరుగా వినిపిస్తాయి. మొదట గురువుగారు కెమెరా వైపు చూసి బృందం పేరు, ఊరు, తేదీ చెప్పాలి. తర్వాత పది నిమిషాలు కోత లేకుండా ఆట. మనిషి మీద మనిషి ఎక్కే విన్యాసం ఉంటే అది తప్పకుండా ఉండాలి, చూసే కమిటీ అక్కడే ఆగుతుంది. ఆఖర్న ఒక నిమిషం అడుగులు మాత్రమే కనబడేలా దగ్గర నుంచి తీయండి.

ఇక సంఘం. బృందంగా గ్రాంటు అడగాలంటే రిజిస్టరైన సంస్థ కావాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. తప్పెటగుళ్లలో పదిహేను ఇరవై మంది ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు. జముకు వాయిస్తూ కథ పాడే జముకుల కథవాళ్లు ముగ్గురే ఉంటారు, వాళ్లకు ఏడు సంఖ్యే గండం. చుట్టుపక్కల ఊళ్ల జముకుల కథ బృందాలు రెండు మూడు కలిసి ఒకే సంఘం పెట్టుకోవడం మేలు. ఏడుగురూ ఒకే ఇంటివాళ్లయితే చట్టం మాటెలా ఉన్నా, ఫైలు చూసేవాడికి అది కుటుంబ వ్యాపారంలా కనిపిస్తుంది.

పేరు పెట్టేటప్పుడు మనవాళ్లు భక్తితో 'శ్రీ గంగమ్మతల్లి భక్త సమాజం' అని పెడతారు. ఇక్కడ కొంచెం ఆలోచించాలి. సాంస్కృతిక కార్యక్రమాలకిచ్చే కేంద్ర గ్రాంటుకు మత సంస్థలు, పాఠశాలలు, కళాశాలలు అర్హం కావు. అమ్మవారి పేరు ఉండొచ్చు, కాకపోతే పక్కన 'జానపద కళా సంఘం' అని ఉండాలి. లక్ష్యాలు రాసే చోట మొదటి లక్ష్యం తప్పెటగుళ్లు ఆడటం, నేర్పడం, పాటలు సేకరించడం అయి ఉండాలి. గుడి బాగుచేయడం, అన్నదానం మొదటి వరసలో ఉన్న సంఘాలు చాలా ఉన్నాయి, టైపు చేసినవాడు ఇంకెవరిదో నమూనా దించేయడం వల్ల.

రిజిస్ట్రేషన్ అయ్యాక చాలామంది ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి మరిచిపోతారు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, అది జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మూడేళ్లు దాఖలు చేయకుండా నాలుగో ఏడు ఒకేసారి పరుగెత్తితే పని అవుతుంది, కానీ ఆలోగా గ్రాంటు గడువు దాటిపోతుంది.

పేర్ల గొడవ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తులు తిరిగొచ్చేది ఇక్కడే. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్లో సంఘాన్ని నమోదు చేయాలి. దానికి సంఘం పేరు మీద పాన్ కార్డు, కార్యవర్గంలో కనీసం ముగ్గురి పాన్, ఆధార్ కావాలి. మన ఊళ్లలో ఆధార్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్ మీద పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి వెళ్లిపోతుంది. మనిషొకడే, కంప్యూటరుకు ముగ్గురు. సంఘం పేరుకూ ఇదే జబ్బు: సర్టిఫికెట్టు మీద తప్పెటగుళ్లు అని ఒక స్పెల్లింగు, పాన్ మీద ఇంకొకటి, బ్యాంకులో గుమాస్తాకు తోచినది మూడోది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులో ఇంగ్లీషు అక్షరాలు ఎలా పడ్డాయో చీటీ మీద రాసుకుని, ఆ చీటీ చూపించే పాన్, బ్యాంకు, దర్పణ్ మూడూ చేయించండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కు వచ్చి పడింది. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. పాత సంఘాల సర్టిఫికెట్ల మీద పాత జిల్లా, ఆధార్‌లో కొత్త జిల్లా, లెటర్‌హెడ్ మీద ఎప్పుడో అచ్చేసిన చిరునామా. దరఖాస్తుతో పాటు తహసీల్దారు కార్యాలయం నుంచి 'ఈ గ్రామం మునుపు ఫలానా జిల్లాలో ఉండేది' అని ఒక ధ్రువీకరణ జతచేస్తే ప్రశ్న రాకముందే జవాబు అక్కడ ఉంటుంది.

ఇప్పుడు డబ్బు మాట. కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ పథకాలు ఎక్కువ భాగం కళా సంస్కృతి వికాస్ యోజన అనే గొడుగు కింద ఉన్నాయి. బృందాలకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు.

మొదటిది ఉత్సవాలు, వర్క్‌షాపులు, కొత్త ప్రదర్శనల తయారీకి ఇచ్చే గ్రాంటు. మామూలుగా గరిష్ఠం 5 లక్షలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా. సంఘానికి మూడేళ్ల వయసు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉండాలి. మొత్తం ఖర్చులో 25 శాతం సంఘం తన చేతి నుంచి పెట్టుకోవాలి. మంజూరైన గ్రాంటులో 75 శాతం ముందు వస్తుంది, మిగతా 25 శాతం లెక్కలు చూపించాక. ఈ రెండు '25'లనూ కలిపి ఒకటే అనుకునేవాళ్లు మునిగిపోతారు, కాబట్టి ఒక లెక్క చూద్దాం.

ఐదు రోజుల శిక్షణ, ఆరో రోజు ప్రదర్శన, మొత్తం ఖర్చు 2,00,000 అనుకుందాం. సంఘం వాటా 50,000. గ్రాంటు 1,50,000. అందులో ముందు వచ్చేది 1,12,500. చేతిలో ఉన్నది మొత్తం 1,62,500. అంటే టెంటువాడు, మైకువాడు, వంటవాడు ఆఖరి రోజు వచ్చి నిలబడేసరికి 37,500 తక్కువ. ఆ సొమ్ము అప్పు తేవాల్సిందే. రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 750, రెండో విడత పది నెలలకు వస్తే 7,500. ఆ వడ్డీని గ్రాంటు లెక్కలో చూపించడానికి లేదు. అందుకే మొదటిసారి పెట్టేవాళ్లు 5 లక్షలకు ఎగబడకుండా, తాము మోయగల అప్పు ఎంతో ముందు చూసుకుని, దానికి నాలుగింతల గ్రాంటు మాత్రమే అడగడం మంచిది. 37,500కి నాలుగింతలు 1,50,000, లెక్క సరిపోతుంది చూడండి.

ఆ బడ్జెట్టులో 'ఇతర ఖర్చులు' అని గుండుగుత్తగా 30,000 రాస్తే కోత అక్కడే పడుతుంది. తప్పెటలు ఎన్ని, గజ్జెల జతలు ఎన్ని, మనిషికి రోజుకు భోజనం ఎంత, ఎన్ని రోజులు, మైకు అద్దె ఎన్ని పూటలకు అని విడదీసి రాయాలి. కళాకారుల పారితోషికం బడ్జెట్టులో పెద్ద పద్దుగా ఉండాలి. టెంటుకు కళాకారులకన్నా ఎక్కువ రాసిన బడ్జెట్లు ఉంటాయి, అవి తిరిగొస్తే తప్పు పట్టలేం.

రెండోది గురు శిష్య పరంపర కింద ఇచ్చే రిపర్టరీ గ్రాంటు. ఒక గురువు, గరిష్ఠంగా 18 మంది శిష్యులు. గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. ఏడాదికి గురువుకే 1,80,000 అవుతుంది, కాబట్టి అందరి కన్నూ దీని మీదే. మన జిల్లాల్లో ఇది దెబ్బతినేది వలస వల్ల. జాబితాలో 18 పేర్లు రాస్తారు. తనిఖీకి మనిషి వచ్చే రోజుకు ఆరుగురు విశాఖలో సెంట్రింగు పనిలో, నలుగురు చెన్నైలో, ఇద్దరు హైదరాబాదులో ఉంటారు. ఆరుగురే కనిపిస్తే మొత్తం జాబితా మీదే అనుమానం వస్తుంది. ఏడాదిలో పది నెలలు ఊళ్లో ఉండే పదిమందినే రాయండి. హాజరు పుస్తకం సాధన జరిగిన రోజే నింపండి. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్ఫై రోజులూ నింపిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. శిష్యులు ఒక్కొక్కరికీ సొంత ఖాతా, ఆధార్‌తో ముడిపడినది ఉండాలి; గురువుగారి ఖాతాలో వేసి పంచుకోవడం అనే పద్ధతి ఊళ్లో గొడవలకు విత్తనం.

ఇదే పేరుతో తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం కూడా ఒక పథకం నడుపుతుంది. 1986లో పెట్టిన ఈ కేంద్రం పరిధిలో మనమూ ఉన్నాం. అక్కడ గురువుకు నెలకు 7,500, సహాయకుడికి 3,750, శిష్యుడికి 1,500. మొత్తం చిన్నదే. అంతరించిపోయేలా ఉన్న కళలకు ప్రాధాన్యం కాబట్టి జముకుల కథ, మన వైపు వీధి నాటకమైన తూర్పు భాగోతం వంటివాటికి ఇది సరిగ్గా అతుకుతుంది. ఈ కేంద్రం వేరే రాష్ట్రాల ఉత్సవాలకు బృందాలను పిలుస్తుంది కూడా. పిలుపు వస్తే ఆమదాలవలసలో రైలెక్కిన దగ్గర నుంచి ప్రతి టికెట్టూ ఒకడి దగ్గరే ఉండాలి. తప్పెటలు లగేజీలో వేస్తే దాని రశీదు కూడా.

వయసు మళ్లిన కళాకారుల విషయానికి వస్తే, కేంద్రం 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72,000 మించని కళాకారులకు నెలకు 6,000 దాకా సాయం ఇస్తుంది. కళాకారుడు పోతే అది జీవిత భాగస్వామికి బదిలీ అవుతుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం ఊరి సచివాలయంలో పెట్టేటప్పుడు అంకె మీద కన్నేసి ఉంచండి. అలవాటు కొద్దీ ఏదో ఒక గుండ్రటి అంకె వేసేస్తే అర్హత ఉన్నవాడు కూడా బయట పడతాడు.

రాష్ట్రం ఇచ్చే డప్పు కళాకారుల పింఛను వేరు. అది ఎన్టీఆర్ భరోసాలో నెలకు 4,000, వయసు 50. తప్పెటకు, డప్పుకు తేడా తెలియని చోట 'మీది కూడా తప్పెటే కదా, డప్పు కింద పెట్టేయండి' అని సలహా ఇస్తారు. మెడలో వేలాడే రేకు తప్పెట డప్పు కాదు. విచారణలో తేలితే ఆ మనిషికి ఉన్న మాట కూడా పోతుంది. పైగా 60 నిండాక వృద్ధాప్య పింఛను కూడా 4,000 రూపాయలే. తేడా ఆ పదేళ్లదే. ఆ పదేళ్లూ తప్పెటగుళ్లవాళ్లకు ఎందుకు లేదని అడగడం న్యాయమైన ప్రశ్న, దాన్ని అడిగే తీరులోనే అడగాలి.

పిల్లల కోసం ఉన్నవాటిని మనవాళ్లు పట్టించుకోరు, అది నాకు బొత్తిగా అర్థం కాని సంగతి. కళల శిక్షణకు ఉన్న కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్పు 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. ఏడాదికి 3,600, గురువుకు కట్టే ఫీజు 9,000 దాకా. మొత్తం 650 స్కాలర్‌షిప్పుల్లో 125 సంప్రదాయంగా కళను నమ్ముకున్న కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన పిల్లలకు వేరుగా ఉంచారు. తాత, తండ్రి తప్పెట ఆడిన ఇంట్లో పిల్లవాడికి ఇంతకన్నా సులువైన దారి లేదు. సీతంపేట కొండల్లో సవర పిల్లలకూ అంతే. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ పదేళ్ల వాడి పేరు మీద ప్రభుత్వ కాగితం ఒకటి పుడుతుంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్ల స్కాలర్‌షిప్పు ఉంది. దానికి గురువు దగ్గర ఐదేళ్లు నేర్చిన రుజువు అడుగుతారు. పదేళ్ల వయసులో కాగితం ఉన్నవాడికి ఆ రుజువు వెతుక్కోనక్కర్లేదు. 25 దాటి 40 లోపు వాళ్లకు జూనియర్ ఫెలోషిప్పు నెలకు 10,000, ఆ పైవాళ్లకు సీనియర్ ఫెలోషిప్పు 20,000, రెండూ రెండేళ్లకే. ఇవి ఆడినందుకు ఇచ్చేవి కావు, ఒక విషయం మీద పని చేసి రాసి ఇవ్వాలి. డిగ్రీ చదివిన కుర్రాడు బృందంలో ఉంటే, పెద్దల దగ్గర ఉన్న గంగమ్మ కథ పాఠాలన్నీ ఊరూరా తిరిగి రాసుకునే పని దీనికి బాగా నప్పుతుంది.

కళాజాతల సొమ్ము కూడా సర్కారుదే, కాకపోతే అది కళకు ఇచ్చే సొమ్ము కాదు, ప్రచారానికి ఇచ్చేది. పాత సాంగ్ అండ్ డ్రామా విభాగం ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్‌లో కలిసిపోయింది. అక్కడ ఎంప్యానెల్ అయిన, అంటే వాళ్ల జాబితాలో చేరిన, బృందాలకు కార్యక్రమాలు ఇస్తారు. వాళ్లిచ్చే విషయం మీద మన బాణీ కట్టి పాడాలి. చెడ్డ పనేమీ కాదు. జముకుల కథ బాణీని కొత్త మాటకు ఎలా వాడొచ్చో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు జీవితమంతా చూపించారు, అది సర్కారు మాట కాకపోయినా. చూసుకోవాల్సింది ఏమిటంటే, ఏడాదంతా మరుగుదొడ్ల పాట పాడిన బృందం దగ్గర గ్రాంటుకు చూపించడానికి అసలు ఆట వీడియో ఉండదు. నెలకొక్క రాత్రయినా పాత కథ పూర్తిగా ఆడాలి.

మంజూరు ఉత్తరం వచ్చాక పండగ చేసుకుంటారు. ఆ రోజే సంఘం పేరు మీద విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి, గ్రాంటు అందులో తప్ప ఇంకెక్కడా పడకూడదు. ఎందుకంటే ఆ డబ్బు మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ కూడా కేంద్రానిదే, కేంద్రానికి సొమ్ము కట్టే పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా తిరిగి కట్టేయాలి. పాత ఖాతాలో కలిపేస్తే ఏ వడ్డీ ఎవరిదో ఆడిటరు కూడా తేల్చలేడు. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇవ్వకండి. ఖాతాలో వేయండి, లేదంటే ఫోన్‌పే చేసి స్క్రీన్‌షాటు అచ్చు తీసి రశీదుకు పిన్ను కొట్టండి. టెంటువాడు తెల్లకాగితం మీద రాసిచ్చే బిల్లు పనికిరాదు. అచ్చు వేసిన బిల్లు, నంబరు, ముద్ర ఉండాలి. ఇవి ఉండవని ముందే తెలిస్తే ఆ టెంటువాణ్ని ఒప్పుకోకండి.

కార్యక్రమం తర్వాత ఇచ్చే వినియోగ పత్రం, అదే యూసీ, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో ఉండాలి. దాన్ని సంఘం బాధ్యులు సంతకం పెట్టి, చార్టర్డ్ అకౌంటెంటుతో ధ్రువీకరించి పంపాలి. ఈ కాగితం ఆగితే రెండో విడతే కాదు, వచ్చే ఏటి దరఖాస్తు కూడా ఆగుతుంది. అకౌంటెంటు ఫీజును బడ్జెట్టులో ముందే ఒక పద్దుగా రాసుకోవాలి, లేకపోతే అదీ అప్పులోకే వెళ్తుంది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా మార్చి నెలలో వాళ్లు దొరకరు, ఫిబ్రవరిలోనే బిల్లుల కట్ట అప్పజెప్పండి.

గ్రాంటుతో కొన్న తప్పెటలు, గజ్జెలు, మైకు సెట్టు అన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి: ఏది, ఎన్ని, ఎప్పుడు, ఏ బిల్లు, ఎవరి ఇంట్లో ఉంది. అనుమతి లేకుండా వాటిని అమ్మకూడదు, పాడైనవాటిని పాత ఇనుము వాడికి వేయకూడదు. రేకు సొట్టపడిన తప్పెట కూడా పుస్తకంలో 'సొట్టపడింది' అని రాసి అటక మీదే ఉంచాలి.